సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలే, ఎవరి పథ్యం వారిది: వంట ఎలా కుదుర్చుకోవాలి?

ప్రశ్న: బ్రాడీపేట గృహిణి, గుంటూరు

అందరికీ నమస్కారం. ఈ పెద్ద పండుగకు మా అత్తవారి వైపు వారందరూ గుంటూరులోని మా ఇంటికి వస్తున్నారు. భోగి సాయంత్రం నుంచి కనుమ మధ్యాహ్నం దాకా వంట నా చేతి మీదనే జరగాలి. జనం ఎక్కువైనందుకు నాకు బెంగ లేదు. ఎవరి పథ్యం వారికి ఉండటంతోనే చిక్కంతా వచ్చింది.

మామగారికి మధుమేహం ఉంది. మాత్రలతో పాటు ఇన్సులిన్ కూడా తీసుకుంటారు. సంక్రాంతి నాడు పితృతర్పణాలు వదిలి, పూజ ముగిశాక గాని ఆయన విస్తరి ముందు కూర్చోరు. అత్తగారికి మూత్రపిండాల జబ్బు ఉంది. డయాలిసిస్ దాకా రాలేదు గాని ఉప్పు, పొటాషియం బాగా తగ్గించాలని వైద్యులు చెప్పారు. నా తోడికోడలికి ఈ మధ్యనే సీలియాక్ వ్యాధి అని తేలింది కాబట్టి గోధుమ, మైదా, బొంబాయి రవ్వ ఏ రూపంలోనూ ఆమెకు తగలకూడదు. ఆడపడుచు కొడుకు చిన్నవాడు. వాడికి వేరుశనగ పడదు, ఆ కారణంగా ఒకసారి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. వాడి అక్క బెంగళూరులో చదువుకుంటూ వీగన్ అయింది, అంటే పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా తినదు. పిన్నత్తగారు ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. మా వారికీ మరిదికీ కనుమ నాడు నాటుకోడి పులుసు లేకపోతే పండుగ చేసుకున్నట్లే ఉండదు.

సంక్రాంతి నాడు మా ఇంట్లో ఆనవాయితీగా వేరుశనగ గుళ్లు వేసిన చింతపండు పులిహోర, గుమ్మడికాయ పులుసు, చిక్కుడుకాయ కూర, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, బొబ్బట్లు, పాలు పోసిన బెల్లం పరమాన్నం వండుతాము. కనుమకు గారెలు తప్పవు. ఇందులో ఏది ఉంచాలి, ఏది మార్చాలి? ఒక్కొక్కరికి ఒక్కో వంట చేస్తే పొయ్యి దగ్గర నుంచి నేను కదలలేను. పైగా ప్రత్యేకంగా వండిన గిన్నె ఎవరి ముందు పెట్టినా, వారు నలుగురిలో రోగిలా కూర్చోవలసి వస్తుంది. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు: వంటల మాస్టారు, సత్యనారాయణపురం, విజయవాడ

అమ్మా, మీరు రాసిన పట్టీని ముందు పెట్టుకుని, ఏ పదార్థం ఏ దశలో ఎవరికి పనికిరాకుండా పోతున్నదో చూడండి. మన వంటలో చాలా పదార్థాలు ఉడికేంత వరకు అందరివీ. తాలింపు పెట్టినప్పుడో, ఉప్పూ కారమూ వేసినప్పుడో, చివరన నెయ్యి పోసినప్పుడో అవి కొందరివి అవుతాయి. ఆ దశకు ముందే కావలసినంత వేరే గిన్నెలోకి తీసి పెట్టుకుంటే, రెండు వంటలు చేయనవసరం లేకుండా ఒకే వంటకు రెండు తాలింపులు పెట్టుకుంటే చాలు. చిక్కుడుకాయ కూర ఉప్పు వేయకుండా ఉడికించి, మీ అత్తగారి వంతు తీసిన తరువాత మిగిలినదానికి ఉప్పు, కారం వేయండి. ముద్దపప్పులో నెయ్యి వేయకుండా ఉంచి, వడ్డనలో ఎవరికి వారికి పోయండి. పులిహోరలో కూడా వేరుశనగ గుళ్లు కలపకుండా, వేయించి విడిగా ఒక గిన్నెలో పెడితే కావలసినవారు వేసుకుంటారు.

ఇలా విడదీయడానికి వీలులేనిది బొబ్బట్టు ఒక్కటే. పైపొర మైదాతోనో గోధుమపిండితోనో చేస్తాము కాబట్టి దాన్ని ఈ సంవత్సరానికి మానేసి పూర్ణం బూరెలు వేయండి. పూర్ణం అదే, పండుగ రుచి కూడా అదే. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల బియ్యం చొప్పున నాలుగు గంటలు నానబెట్టి, గట్టిగా, మెత్తగా రుబ్బుకోవాలి. శనగపప్పు పలుకు లేకుండా ఉడికిన తరువాత నీరంతా వంపేయాలి. ఆ కట్టుతో మంచి చారు పెట్టుకోవచ్చు. పప్పుకు సమంగా బెల్లం వేసి, దగ్గరపడేదాకా తిప్పి, యాలకుల పొడి కలిపి ఉండలు చేసుకోవాలి. పూర్ణంలో నెయ్యి వేయకపోతే మీ ఆడపడుచు కూతురు కూడా తినగలదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. తోపు, అంటే పూర్ణాన్ని ముంచే ఆ రుబ్బిన పిండి, పలుచగా ఉంటే పూర్ణం నూనెలోకి కారిపోతుందని భయపడి, కొందరు అందులో గుప్పెడు మైదా కలుపుతారు. సాయానికి వచ్చిన వాళ్లు అలవాటు కొద్దీ కలపకుండా మీరే చూసుకోవాలి. తోపు గట్టిపడకపోతే బియ్యప్పిండి కలపండి.

గోధుమ మనకు తెలియకుండా వచ్చే దారులు మరి రెండు ఉన్నాయి. మొదటిది ఇంగువ. బజారులో దొరికే ఇంగువ పొడిలో ఎక్కువ భాగం మైదాయో గోధుమపిండో ఉంటుంది, అసలు ఇంగువ కొద్దిగానే ఉంటుంది. డబ్బా మీద చదివి చూడండి. బియ్యప్పిండితో చేసినవి కూడా దొరుకుతాయి. అవి అందకపోతే ఇంగువ మానేసి జీలకర్ర, అల్లం, మిరియాలతో తాలింపు పెట్టండి. సాంబారు పొడి, చారు పొడి కొనేవారు వాటిలో కూడా ఇంగువ ఉంటుందని గుర్తుంచుకోవాలి. రెండవది పిండిమర. పండుగ ముందు మర దగ్గర గోధుమలు ఆడించి, అదే మరలో మీ బియ్యం పోస్తే ముందున్న పిండి కొంత మీ పిండిలో కలుస్తుంది. కొన్నిచోట్ల తడి బియ్యానికి వేరే మర ఉంటుంది, అడిగి చూడండి. లేకపోతే ఇంట్లోనే మిక్సీలో పట్టి జల్లించుకోవడం మేలు.

నూనె విషయం కూడా ముందే అనుకోవాలి. కొత్త నూనె పోసి ముందు బూరెలు, గారెలు వేసేయండి. గోధుమ తగిలిన పదార్థం ఏదైనా వేయించిన నూనెలో తరువాత ఏం వేసినా మీ తోడికోడలికి పెట్టకూడదు.

జవాబు: ఒక పథ్యాహార నిపుణురాలు, గుంటూరు

పై సలహాలు చాలావరకు బాగున్నాయి. మీ మామగారు, అత్తగారి విషయంలో కొన్ని సంగతులు చేర్చదలచుకున్నాను. వైద్యులు రాసిచ్చిన పరిమితులు ఉంటే ముందుగా వాటినే పాటించండి. మూత్రపిండాల జబ్బు ఏ దశలో ఉన్నదో, రక్తంలో పొటాషియం ఎంత ఉన్నదో బట్టి పథ్యం మారుతుంది.

మామగారి విషయంలో తీపి కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టినది తర్పణాల దాకా ఆయన ఏమీ తినకుండా ఉండటం. ఇన్సులిన్ తీసుకునేవారు, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవారు వేళకు భోజనం చేయకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే వెంటనే గ్లూకోజు గాని, చక్కెర నీళ్లు గాని ఇవ్వాలి. చేతులు వణకడం, చెమటలు పట్టడం, చూపు మసకబారడం, మాట తడబడటం దాని గుర్తులు. ఆ రోజు మందు ఎంత, ఏ వేళకు వేసుకోవాలో పండుగకు ముందే వారి వైద్యుణ్ని అడిగి తెలుసుకోండి, సొంతంగా మానిపించవద్దు. వీలైతే తర్పణం ఉదయం పెందలాడే ముగిసేలా పురోహితులతో మాట్లాడండి. చక్కెర కొలిచే పరికరం పూజగదికి దగ్గరలోనే ఉంచండి.

బెల్లం వాడితే మధుమేహం ఉన్నవారికి పరవాలేదన్న మాట పండుగలప్పుడు ఎక్కువగా వినబడుతుంది. అది నిజం కాదు. బెల్లంలో ఉన్నది కూడా ప్రధానంగా చక్కెరే, రక్తంలో చక్కెర దానితోనూ పెరుగుతుంది. ఆయనకు ఒక్క బూరె పెట్టండి, కానీ భోజనం మొదట్లో కాదు. ముందుగా చిక్కుడుకాయ కూర, పప్పు తిన్న తరువాత కొద్దిగా అన్నమో పులిహోరో తింటే, అదే భోజనానికి రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. మన విస్తట్లో తీపి మొదట వడ్డించే ఆచారం ఉంది కాబట్టి, వడ్డించినా చివరికి తినమని ఆయనకు ముందే చెప్పి ఉంచండి.

అత్తగారి సంగతి దీనికి భిన్నం. బెల్లంలో పొటాషియం గణనీయంగా ఉంటుంది, శుద్ధి చేసిన చక్కెరలో దాదాపు ఉండదు. ఆమెకు మధుమేహం లేకపోతే, కొద్దిగా చక్కెర వేసిన పాయసమే బెల్లం పరమాన్నం కంటే నయం. ఆరోగ్యానికి మంచిదని మనం గుడ్డిగా నమ్మే పదార్థాలు మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి తరచూ ఇలాగే ఎదురు తిరుగుతాయి. కొబ్బరినీళ్లు, ఆకుకూరలు, అరటిపండు, గుమ్మడికాయ, టమాటా, చింతపండు ఈ కోవలోకే వస్తాయి. గుమ్మడికాయ పులుసు బదులు ఆమెకు సొరకాయ గాని, పొట్లకాయ గాని వండండి. ఏ కూరగాయనైనా చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం కొంత తగ్గుతుంది. పప్పు కట్టుతో పెట్టిన చారు, గోంగూర పచ్చడి ఆమె విస్తట్లోకి రానివ్వవద్దు.

అన్నింటికంటే ముఖ్యమైనది ఉప్పు. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకే రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాడు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అత్తగారి కోసమని ఎవరైనా సోడియం తక్కువగా ఉండే ఉప్పు పొట్లం తెస్తే దాన్ని వాడకండి. అందులో సోడియం బదులు పొటాషియం క్లోరైడు కలుపుతారు కాబట్టి ఆమెకు మామూలు ఉప్పు కంటే అదే ప్రమాదం. ఉప్పు తగ్గిన లోటును నిమ్మరసం, మిరియాలు, జీలకర్ర పొడి, కరివేపాకులతో తీర్చవచ్చు. ఆ లెక్కన ఈసారికి చింతపండు పులిహోరకు బదులు నిమ్మకాయ పులిహోర కలిపితే, ఉప్పు చేర్చకముందే ఆమె వంతు తీసిపెట్టడం తేలిక. చింతపండు గుజ్జులో ఉప్పు ముందే ఉడికిపోతుంది గనుక అందులో ఆ వెసులుబాటు ఉండదు.

ఇంకొక్క మాట. మామగారు రాత్రిపూట చపాతీలు తినే అలవాటు ఉన్నవారైతే, ఆ గోధుమపిండి ఎగిరి వంటింట్లో అన్నింటి మీదా పడుతుంది. మీ తోడికోడలు ఉన్న మూడు రోజులూ ఆయనకు జొన్నరొట్టెలో, కొర్రన్నమో పెట్టండి. సీలియాక్ ఉన్నవారికి పడని, గోధుమలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తి జొన్నలలో, కొర్రలలో లేదు. అయితే జొన్నపిండికి కూడా మర విషయంలో పైన చెప్పిన జాగ్రత్తే వర్తిస్తుంది.

జవాబు: భవానీపురం అమ్మ, విజయవాడ

మాస్టారి సలహాలో ఒక్కదానితో నేను గట్టిగా విభేదిస్తున్నాను. మా పాపకు కూడా వేరుశనగ పడదు. వేయించిన గుళ్లు విడిగా ఒక గిన్నెలో పెట్టి కావలసినవారు వేసుకోవచ్చనడం మిగిలిన పథ్యాలకు సరిపోతుంది గాని దీనికి సరిపోదు. ఆ గిన్నెలో పెట్టిన గరిటె పులిహోరలోకి వెళుతుంది, గుళ్లు తిన్న చేత్తో ఎవరో ముద్దుగా పిల్లవాడి నోట్లో ముద్ద పెడతారు. ఉప్పు కొంచెం ఎక్కువైతే ఆ పూటకు నష్టమే గాని, ఇక్కడ ఒక్క పలుకు నోట్లో పడినా పిల్లవాడికి ఊపిరి ఆడకపోవచ్చు. ఆ మూడు రోజులు వేరుశనగ ఇంట్లోకే రానివ్వకండి. పులిహోరలో శనగపప్పు, మినప్పప్పు సరిపోతాయి. జీడిపప్పు వేయాలనుకుంటే, అది పడుతుందో లేదో పిల్లవాడి తల్లిని ముందుగా అడగండి.

గుంటూరు, విజయవాడలలో గానుగ నూనె వాడకం బాగా పెరిగింది. శుద్ధి చేయని వేరుశనగ నూనెలో అలర్జీ కలిగించే మాంసకృత్తులు మిగిలి ఉంటాయి. బూరెలు, గారెలు అన్నీ పొద్దుతిరుగుడు నూనెలోనే వేయండి. పాత బాణలి అయితే బాగా తోమి వాడండి. గుత్తివంకాయ మసాలాలో, కొన్ని కారప్పొడులలో, పచ్చళ్లలో కూడా వేరుశనగ ఉంటుంది. బంధువులు తెచ్చే వేరుశనగ ఉండలు, పప్పుచెక్కలు పిల్లలకు అందకుండా దాచడం కంటే, తేవద్దని ముందే ఫోనులో చెప్పడం మంచిది. కొన్న పొట్లాల మీద ఏముందో చదవండి. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం వేరుశనగ, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు వంటివి ఉంటే ఆ సంగతి పొట్లం మీద వేయాలి.

పిల్లవాడికి వైద్యులు రాసిచ్చిన అత్యవసర మందు ఎక్కడ ఉన్నదో ఇంట్లో పెద్దలందరికీ తెలిసి ఉండాలి. పెదవులు వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, పిల్లికూతలతో ఆయాసపడినా ఆ మందు ఇచ్చి వెంటనే 108కి ఫోను చేయాలి. కాసేపు చూద్దామని కూర్చోకూడదు.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయిని, అరండల్‌పేట, గుంటూరు

అమ్మాయీ, నైవేద్యం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. సంక్రాంతి నాటి వంటంతా ఉల్లి, వెల్లుల్లి లేకుండానే చేస్తే మీ పిన్నత్తగారికి వేరే గిన్నె అవసరం ఉండదు. మన పెద్దలు పండుగ వంట అలాగే చేసేవారు. పరమాన్నం మాత్రం రెండు గిన్నెలలో పెట్టుకో. ఒకటి పాలతో నైవేద్యానికి, రెండవది కొబ్బరిపాలతో. కొబ్బరి తురుము రుబ్బి మొదట పిండిన చిక్కటి పాలు పక్కన ఉంచి, రెండవసారి తీసిన పలుచని పాలలో బియ్యం ఉడికించు. బెల్లం కరిగించి, వడగట్టి, చల్లారాక కలిపి, దించిన తరువాత చిక్కటి పాలు పోయి. చిక్కటి పాలు తెర్లితే విరుగుతాయి. ఆవుపాలతో చేసినప్పుడు కూడా బెల్లం వేడి మీద వేస్తే విరిగే భయం ఉంటుంది గనుక రెండింటికీ ఒకే పద్ధతి.

ఆ బెంగళూరు పిల్ల నెయ్యి మానేయడం జబ్బు వల్ల కాదు గదా, ఈ మూడు రోజులు తినకూడదా అని ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పిన్నత్తగారు ఉల్లి తినకపోవడాన్ని ఎవరూ ప్రశ్నించనప్పుడు ఈ పిల్లను ప్రశ్నించడం న్యాయం కాదని నా అభిప్రాయం. తిన్నా చెరుపు చేయదు కాబట్టి ఇక్కడ పట్టింపు తక్కువే, కానీ మర్యాద మాత్రం అందరికీ ఒకటే.

కనుమ సంగతి. కనుమ నాడు మినుము తినాలంటారు కాబట్టి గారెలు ఎలాగూ ఉంటాయి. పొద్దున్నే ఉల్లి లేని గారెలు వేయడం ముగించి, వంటిల్లు సర్ది, శాకాహారుల భోజనం మూత పెట్టిన తరువాతే నాటుకోడి పెరట్లో వేరే పొయ్యి మీద ఎక్కించమను. ఆ పని మీ వారికీ మరిదికీ అప్పగిస్తే నీకు కాస్త ఊపిరి తీసుకునే తీరిక దొరుకుతుంది. కోరినవారే వండుకోవడంలో తప్పేమీ లేదు. మసాలాలో ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి నూరి వేస్తే చాలు, వేరుశనగతో పని లేదు.

ప్రశ్న అడిగినవారు: బ్రాడీపేట గృహిణి

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. వేరుశనగ విషయంలో భవానీపురం అమ్మగారి మాటే పాటిస్తున్నాను. గుళ్లు, గానుగ నూనె డబ్బా రెండూ పండుగ అయ్యేదాకా పక్కింట్లో పెడుతున్నాను. సంక్రాంతికి నిమ్మకాయ పులిహోర, చిక్కుడుకాయ కూర, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, దానితో పాటు ఉప్పు వేయని సొరకాయ కూర, పూర్ణం బూరెలు, రెండు పరమాన్నాలు అనుకున్నాను. సొరకాయ కూర అత్తగారికి ఒక్కరికే అనకుండా అందరి విస్తళ్లలోనూ వడ్డిస్తాను, కావలసినవారు పక్కన పెట్టిన ఉప్పు వేసుకుంటారు. తర్పణాలు పెందలాడే చేయించడానికి పురోహితులు ఒప్పుకున్నారు. మామగారి మందుల విషయం వారి వైద్యుణ్ని అడుగుతున్నాము.

ఒక్క సందేహం మిగిలింది. అరిసెలు, జంతికలు మిఠాయి దుకాణంలో చెప్పి ఉంచాను. బియ్యప్పిండివే కదా, వాటిని తోడికోడలికీ పిల్లవాడికీ పెట్టవచ్చునా?

జవాబు: వంటల మాస్టారు, సత్యనారాయణపురం, విజయవాడ

పెట్టవద్దమ్మా. దుకాణంలో ఏ నూనె వాడారో, అదే బాణలిలో అంతకుముందు కాజాలు, గవ్వలు వంటి మైదా పదార్థాలు వేయించారో లేదో మీకు తెలియదు. జంతికలలో ఇంగువ కూడా వేస్తారు. ఆ పొట్లాలు మిగిలిన వారికి ఉంచండి, వీలైతే పిల్లవాడు వెళ్లిన తరువాతే విప్పండి.

వారిద్దరి కోసం శేరు బియ్యంతో ఇంట్లోనే అరిసెలు వండితే సరిపోతుంది. కొత్త బియ్యం అయితే పాకాన్ని బాగా పట్టుకుంటాయి. బియ్యం ఒక రోజంతా నానబెట్టి, మధ్యలో నీళ్లు మార్చి, వడకట్టిన తరువాత తడి ఆరకముందే మిక్సీలో పట్టి జల్లించాలి. బెల్లం పాకం నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టాలి. ముదిరితే అరిసె గట్టిపడుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. వీగన్ అమ్మాయి కూడా తినాలి కాబట్టి పాకంలో నెయ్యి బదులు నూనే వేయండి. నువ్వులు పిల్లవాడికి పడతాయో లేదో వాళ్ల అమ్మను అడిగిన తరువాతే అద్దండి. జల్లించిన పిండి పాకంలో కలిపేదాకా చేత్తో అదిమి, పైన తడి గుడ్డ కప్పి ఉంచాలి, ఎందుకంటే తడి ఆరిన పిండితో చేసిన అరిసె చెక్కల మధ్య నొక్కేసరికి విరిగిపోతుంది.